తేడా

నాది తూనికలు కొలతల శాఖ.
మూడు లాంతర్ల నుంచి నెల్లిమర్ల దాకా
ఏ కొట్టు తక్కెడ ఎటు మొగ్గుతుందో నాకు తెలుసు.
రాయి అడుగున సీసం తవ్వుకున్న వాళ్ళు
నన్ను చూడగానే సోడా తెప్పిస్తారు.
సోడా నేను తాగను.
పాత పేపర్ల కొట్లలో మాత్రం
కాసేపు కూర్చుంటానంటాను.

"ఏటి బావూ, ఆ సెత్తలో ఏటి దొరుకుతాది?"
అంటాడు తవిటినాయుడు.
పాత స్టాంపులంటాను.
ఇరవై రెండేళ్ళుగా
ఏటేటా ముద్ర వేయించుకుంటున్న అబద్ధం.

నేను ఏరుకునేవి వేరు.
సైక్లోస్టైల్ తీసిన ఎనిమిదేసి పేజీలు,
మధ్యకి మడిచి రెండు పిన్నులు కొట్టి
పంపినవాడి పేరు లేని ఖాకీ కవర్లో
బుక్ పోస్టులో ఊళ్ళు దాటినవి.
మగవాణ్ణి ప్రేమించిన మగవాడు
ఆ సంగతి మొదటిసారి అచ్చులో చూసుకున్నవి.
సిరా ఎక్కువై కొన్ని అక్షరాలు
జలుబు చేసిన ముక్కుల్లా ఉబ్బి ఉంటాయి.

ఒకటి బొబ్బిలి మందుల షాపు అరువు ఖాతాలో.
ఒకటి పార్వతీపురం లాడ్జిలో, సొరుగు అడుగున పరిచి.
ఒకటి రాజాంలో, చనిపోయిన ప్లీడరు గారి పుస్తకంలో
సరిగ్గా ఆ సెక్షన్ ఉన్న పేజీకి గుర్తుగా.
పదమూడు సంచికల్లో పన్నెండు దొరికాయి.
తొమ్మిదోది లేదు.

మొన్న ఆషాఢంలో, వాన కారుతున్న రేకు కింద
జూట్ మిల్లు హాజరు పట్టీల కట్టలోంచి
అది జారి నా చెప్పు మీద పడింది.
చిరునామా చెదలు తినేసింది.
'టైమ్ ఆఫీసు' అన్న రెండు మాటలు మిగిలాయి.
"ఒగ్గీండి బావూ, దీనికి డబ్బులేటి?"
తూచమన్నాను. నలభై గ్రాములు.
చిల్లర అక్కడే పెట్టి, వానలోనే లేచొచ్చాను.

రాత్రి తలుపేసి తెరిస్తే, మార్జిన్ నిండా పెన్సిల్.
మూడు ఇంగ్లీషు అక్షరాల మాట కింద గీత గీసి
ఎవరో దానికి తెలుగు వెతికాడు.
'స్వలింగ' దాకా రాసి ఆపేశాడు.
పక్కన: ఆస్పత్రి వాసన.
'ఆడంగి'. కొట్టేశాడు. మేస్త్రీ నోటి మాట, అని రాశాడు.
'తేడా'.
దాన్ని కాగితం చిరిగేదాకా కొట్టేశాడు.

రోజుకి పదిసార్లు ఆ మాట నేను రాస్తాను.
కిలోకి ముప్ఫై గ్రాములు తేడా.
లీటరు కిరసనాయిల్లో అర గ్లాసు తేడా.
కాలేజీలో ఓ సాయంత్రం వెనక బెంచీలోంచి
అదే మాట వచ్చి వీపుకి తగిలితే
మర్నాటికి నడక మార్చుకున్నాను,
గొంతు రెండు మెట్లు దించుకున్నాను.
ఇన్ని శాఖలుండగా ఇదెందుకు కోరుకున్నావని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పేజీ చివర, చిన్నగా, కొట్టేయకుండా
ఒకటే ఉంది:
మనోడు.

మా వైపు ఆ మాటకి అర్థం కులమే.
కొత్త ఆఫీసరొచ్చినా, పైవాటాలో అద్దెకి దిగినా
"మనోడేనా?" అని గొంతు తగ్గించి కనుక్కుంటారు.
ఇంటిపేరు చెప్పి నేనూ గట్టెక్కుతుంటాను గానీ
ఎవరింట్లోనూ మనోణ్ణయినట్టు కూర్చోలేదు.
అతనెవరో, రెండు సైరన్ల మధ్య,
అరిగిన పెన్సిల్‌తో
ఆ మాటకున్న కులాన్ని ఊడదీసి
నాకు సరిపోయేలా కుట్టి పెట్టాడు.

ఆదివారం మిల్లు గేటు దగ్గరికెళ్ళాను.
ముసలి వాచ్‌మన్ బీడీ ఆర్పి చెవి పెట్టాడు.
"టైమాపీసులోనా? ముగ్గురుండీవోరు. ఎలగుంటాడు మడిసి?"
ఏం ఆనవాలు చెప్పను?
పెన్సిల్ గట్టిగా నొక్కి రాసేవాడన్నాను.
పళ్ళు లేని నోటితో నవ్వాడు.
"ఇంతకీ మీకేటవుతాడు బావూ?"

మనోడే, అన్నాను.

"అలగ సెప్పండి మరి,"
తను కూచున్న స్టూలు దులిపి
నా వైపు జరిపాడు.